బీరువాలో పాస్‌పోర్టులు ఆలుమగలకు కలిసి అక్కరకు రావా?

కోనసీమలో పాస్‌పోర్టు వింత వస్తువు కాదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ ఊరికి వెళ్లినా కొన్ని ఇళ్ల బీరువాల్లో, పట్టుచీర మడతల మధ్యనో పొలం దస్తావేజుల పక్కనో ఆ నీలిరంగు పుస్తకం కనబడుతుంది. కువైట్‌లో ఆరేళ్లు వంటపని చేసి వచ్చిన ఇల్లాలిది ఒకటి, మస్కట్‌లో తాపీపని చేసి వచ్చిన మగడిది మరొకటి. రెండింటి మీదా ముద్రలున్నాయి. కాని ఒకే రోజున, ఒకే విమానాశ్రయంలో ఆ రెండు పుస్తకాల మీదా ముద్ర పడిన ఇల్లు వెతికినా దొరకడం కష్టం. ఆమె వెళ్లినప్పుడు ఆయన పిల్లల్ని చూసుకున్నాడు. ఆయన వెళ్లినప్పుడు ఆమె పొలం చూసుకుంది. విదేశమంటే ఎడబాటు అన్న అర్థం ఈ ప్రాంతంలో స్థిరపడిపోయింది.

ఇది నిన్నమొన్నటి వ్యవహారం కాదు. వెనుకటి తరాల్లో బతుకుతెరువుకు ఓడలెక్కి రంగం వెళ్లినవాళ్లు ఈ తీరంలో ఎందరో. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగు కూలీలను కోరంగీలు అన్నారు. 1839 తుపానుకు రేవు దెబ్బతిన్నా ఆ పేరు మాత్రం అక్కడ నిలిచిపోయింది. 1942లో జపాను సేనలు రంగూన్‌ను పట్టుకున్నప్పుడు వేలాది మంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. ఆ ప్రయాణాల్లో ఏదీ సరదా కోసం చేసింది కాదు.

పోనీ, సరదాకు ఎవరూ వెళ్లడం లేదా అంటే వెళ్తూనే ఉన్నారు. ఎలా వెళ్తున్నారన్నదే చూడవలసిన సంగతి. ఎరువులు, పురుగుమందులు, సిమెంటు అమ్మే వ్యాపారులను ఆయా కంపెనీలు ఇంత సరుకు అమ్మితే బాంకాక్, పట్టాయా తీసుకువెళతామని ఊరిస్తాయి. విమానంలో పోయేది మగవాళ్లు. ఆ నాలుగు రోజులూ కొట్టులో కూర్చుని బాకీలు రాసుకునేది ఆడవాళ్లు. ఆ ప్రయాణం ఖర్చు చివరకు ఎవరి ఎరువు బస్తా మీద పడుతుందో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక అమెరికా వెళ్లి వచ్చే తల్లిదండ్రులున్నారు. వాళ్లలో చాలామందిది కూతురికో కోడలికో పురుడు పోయడానికీ, మనవడిని ఆడించడానికీ సాగే ప్రయాణం. దాన్ని విహారమని ఎవరైనా అంటే ఆ అమ్మమ్మలు నవ్వుతారు.

ఆలుమగలు ఇద్దరూ కూడబలుక్కుని, తమ డబ్బుతో, ఎవరి పనికీ కాకుండా, ఒక దేశం చూసి రావడం పల్లెటూరి వాళ్లకు తగనిదేమీ కాదు. కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అనే చిన్న టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల కథ పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది. రోజుకు సుమారు 300 రూపాయలు పక్కన పెడుతూ, చాలనిది అప్పు తెచ్చి, తిరిగొచ్చాక ఆ అప్పు తీరుస్తూ, 2007 నుంచి పాతికకు పైగా దేశాలు చూశారు. 2021 అక్టోబరులో రష్యా వెళ్లి వచ్చారు. ఆ మరుసటి నెలలో విజయన్ కన్నుమూశారు. ఆ దంపతులకు చదువు గొప్పదీ కాదు, ఆస్తి గొప్పదీ కాదు. ఎక్కడికి పోయినా ఇద్దరూ కలిసే పోయారు.

అయితే వారి దారిలో ఒక్కటి మాత్రం ఇక్కడివాళ్లు అనుసరించకూడదు. అది అప్పు. టీ కొట్టుకు రోజూ చేతికి డబ్బు వస్తుంది. కొబ్బరి రైతుకు దింపు దింపుకీ ధర మారుతుంది. వరి రైతుకు ఏడాదికి రెండుసార్లే డబ్బు కనబడుతుంది, అదీ తుపాను రాకపోతే. కౌలు రైతు సంగతి చెప్పనే అక్కర్లేదు. బంగారం కుదువపెట్టో, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు మళ్లించో సముద్రం దాటడం తెలివైన పని కాదు. తపాలా కార్యాలయంలో అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ ఉంది. నెలకు 2 వేలు కడితే అసలే 1 లక్షా 20 వేలవుతుంది, వడ్డీ అదనం. ఇద్దరు మనుషులు పొదుపుగా పది రోజులు ఆగ్నేయాసియాలో తిరిగి రావడానికి అంత డబ్బుతో మార్గం దొరుకుతుంది. అయిదేళ్లు ఆగడం ఎందుకని కుర్రకారు అనవచ్చు. పిల్లల పెళ్లిళ్లయి ఊపిరి పీల్చుకున్న యాభయ్యేళ్ల జంటకు అయిదేళ్లు పెద్ద లెక్క కాదు.

ఎక్కడికి అన్న ప్రశ్నకు చాలామంది నోట సింగపూర్ పేరు వస్తుంది. చేతిలో తక్కువ డబ్బున్నవాళ్లు దాన్ని చివరకు పెట్టుకోవడం మంచిది. అక్కడ గది అద్దె ఒక్కటే సంచి ఖాళీ చేస్తుంది. కొబ్బరి చెట్టు కింద పుట్టినవాళ్లు కొబ్బరి పండే దేశాలే ముందు చూడాలి. ఎండ తెలిసిందే, వాన తెలిసిందే, అన్నం తెలిసిందే. స్వెట్టర్లు, కోట్లు కొనక్కర్లేదు. తెలిసిన వస్తువునే వేరే చేతులు వేరే రకంగా వాడటం చూస్తే కలిగే ఆశ్చర్యం మంచుకొండల దగ్గర కలగదు.

మలేషియాలో పేరాక్ నది సముద్రంలో కలిసే చోట బాగాన్ దతుక్ అనే ప్రాంతం ఉంది. ఆ దేశంలో కొబ్బరికి పేరు మోసిన చోటు. అంతర్వేది నుంచి వెళ్లినవాళ్లకు సంగమం దగ్గర ఆ నీటి రంగు చూస్తేనే ఊరు గుర్తొస్తుంది. అక్కడి కొబ్బరి తోటల్లో పని చేయడానికి ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి కూలీలు వెళ్లారు. వారి సంతతి ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉంది. మలేషియా తెలుగువాళ్లు 1955లోనే ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. కౌలాలంపూర్‌లో జంట గోపురాల ముందు ఫొటో దిగి వచ్చేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. బస్సెక్కి తెలుక్ ఇంతాన్ మీదుగా వెళితే తెలుగు మాట వినబడే కొబ్బరి తోటలు కనబడతాయి. ఏ టూరు కంపెనీ కూడా అక్కడికి తీసుకువెళ్లదు. కమీషనిచ్చే నగల దుకాణాలు అక్కడ లేవు మరి.

వియత్నాంలో మెకాంగ్ నది సముద్రంలో కలిసే డెల్టా ఉంది. గోదావరికి ఏడు పాయలంటాం, వాళ్లు తమ నదిని తొమ్మిది డ్రాగన్లంటారు. ఆ డెల్టాలోని బెన్‌ త్రె కొబ్బరి సీమ. 2025 జూలైలో దాన్ని పక్కనున్న విన్‌ లాంగ్‌లో కలిపేశారు. హోచిమిన్ నగరం నుంచి బస్సులో రెండు గంటల దారి. అక్కడ కొబ్బరిపాలు, బెల్లంపాకం కలిపి కాచి బిళ్లలు చేసి కాగితాల్లో చుట్టి అమ్ముతారు. కొబ్బరి నీళ్లను పులియబెట్టి జున్నుముక్కల్లాంటి తినుబండారం చేస్తారు. పీచు, చిప్ప, మట్ట, ఏదీ పారేయరు. అంబాజీపేట మార్కెట్లో కాయ ధర పడిపోయిన రోజున తల పట్టుకుని కూర్చునే రైతు భార్యాసమేతంగా ఆ కుటీరాల్లో ఒక పూట కూర్చుని చూడాలి. బిళ్లలు చుట్టేది, లెక్క చూసేది ఎక్కువగా ఆడవాళ్లే గనుక చూడవలసిన మనిషి ముందు ఇల్లాలే.

ఆ డెల్టాకూ ఉప్పునీటి బాధ ఉంది. 2016లోనూ 2020లోనూ సముద్రపు నీరు చాలా దూరం లోపలికి ఎగదన్ని పంటలు పోయాయి. దక్షిణాన కా మావ్ వైపు కొన్ని చోట్ల రైతులు ఒకే పొలంలో వానాకాలం వరి, ఎండాకాలం ఉప్పునీరు పెట్టి రొయ్య పండిస్తారు. ఇక్కడ చెరువు తవ్వితే ఆ పొలం మళ్లీ వరికి రావడం లేదు, పక్క పొలం కూడా చౌడు పడుతోంది. వాళ్ల పద్ధతి ఇక్కడికి సరిపోతుందా లేదా అన్నది వేరే చర్చ. కళ్లారా చూసి వచ్చిన జంట రచ్చబండ మీద దాని గురించి మాట్లాడితే వినేవాళ్లుంటారు.

బాలి ద్వీపంలో వరిమళ్లకు నీరు పంచే రైతు సంఘాలను సుబాక్ అంటారు. గుడి కేంద్రంగా, పూజాదినాల లెక్కతో ఎగువ మడికీ దిగువ మడికీ వంతులు నడుస్తాయి. 2012లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. శివారు ఆయకట్టు రైతులు అది చూసి తీరాలి. బాలివాళ్లకు రామాయణ భారతాలు తెలుసు, ఇంటి ముంగిట పూలు పెడతారు, సంవత్సరాది నాడు మాత్రం ద్వీపమంతా మౌనం పాటిస్తుంది. ఆ రోజు విమానాశ్రయం కూడా మూసేస్తారు. 2026లో అది ఉగాది రోజునే, మార్చి 19న పడింది. టిక్కెట్టు తీసుకునేటప్పుడు ఆ తేదీ చూసుకోకపోతే చిక్కే.

వాతావరణం దగ్గర కొంత లెక్క ఉంది. శ్రీలంక పడమటి తీరానికి సంక్రాంతి వెళ్లాక మార్చి లోపల మంచిది. దాళ్వా కోతలై కాలువలు కట్టేసిన తర్వాత తీరిక దొరికేవాళ్లకు బాలి, జావా సరైనవి. అక్కడ మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. వియత్నాం నడిమి తీరానికి అక్టోబరు, నవంబరుల్లో తుపానులొస్తాయి. తుపాను అంటే ఏమిటో కోనసీమకు ఎవరూ నేర్పనక్కర్లేదు, డబ్బిచ్చి మరీ చూడనక్కర్లేదు.

పొదుపు చేసేది ఎక్కడ? పదిరోజుల్లో నాలుగు దేశాలని ఆశపడితే డబ్బంతా దారిలోనే పోతుంది. ఒక దేశం, మూడు ఊళ్లు చాలు. నక్షత్రాల హోటలు మాని కుటుంబాలు నడిపే గదుల్లో ఉండాలి. ఫ్యాను గదికీ ఏ.సి. గదికీ అద్దెలో తేడా ఉంటుంది, ఇంట్లో ఫ్యాను కింద పడుకునేవాళ్లకు అక్కడ ఏ.సి. దేనికి? వియత్నాంలో హనోయి నుంచి సైగాన్ దాకా 1,726 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. రాత్రి పడక తీసుకుంటే ఒక గది అద్దె మిగులుతుంది. చవక విమానాల్లో చేతిసంచి 7 కిలోలకు మించితే డబ్బు గుంజుతారు. నాలుగు జతల బట్టలు, మందులు, ఒక పచ్చడి డబ్బా చాలు. పచ్చడి కూడా చేతిసంచిలో పెడితే తనిఖీలో తీయించేస్తారు. ఎండుకొబ్బరి మాత్రం ఏ సంచిలోనూ పెట్టకూడదు. త్వరగా నిప్పంటుకునే వస్తువుల జాబితాలో ఉంది. కురిడీ లేనిదే ప్రయాణం కట్టని కోనసీమ వాళ్లకు ఇది కష్టంగా తోస్తుంది. సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు, నమిలే పొగాకు కూడా ఇంట్లోనే విడిచి వెళ్లాలి.

తిండి గురించి భయం ఎక్కువ, కష్టం తక్కువ. శ్రీలంకలో ఇడియప్పం, కొబ్బరి పచ్చడి, అన్నం, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. మలేషియాలో అరటాకు భోజనం పెట్టే తమిళుల హోటళ్లున్నాయి. వియత్నాంలో చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం దాదాపు ప్రతి కూరలో పడుతుంది గనుక శాకాహారులు ‘చాయ్’ అని రాసి ఉన్న హోటలు వెతుక్కోవాలి. అది టీ కాదు, శాకాహారం. అక్కడి బౌద్ధులు పౌర్ణమికి, నెల మొదటి తిథికి మాంసం మానేస్తారు. ఆ రోజుల్లో వెతుకులాట తగ్గుతుంది. ఇక డబ్బు దగ్గర తడబాటు సహజం. ఒక రూపాయికి సుమారు 300 డాంగులు. 5 లక్షల నోటు, 20 వేల నోటు రెండూ నీలిరంగులోనే ఉంటాయి. ఒకటి సుమారు 1,700 రూపాయలు, ఇంకొకటి 70 రూపాయల లోపు. దీపాల వెలుగులో ఒకదానికి బదులు మరొకటి ఇచ్చి తర్వాత ఆలుమగలు ఒకరినొకరు నిందించుకోవడం ఆ దేశం చూసినవాళ్లలో చాలామందికి అనుభవం.

అసలు సంచి ఎవరి చేతిలో ఉండాలన్నది ఒక ప్రశ్న. ఈ ప్రాంతానికి సంబంధించి జవాబు తేలిక. గల్ఫ్‌లో పని చేసి వచ్చిన ఇల్లాలికి విమానాశ్రయంలో ఏ వరుసలో నిలబడాలో, ఏ కాగితం ఎవరికి చూపాలో తెలుసు. తెలియని భాషలో బేరం చేయడం తెలుసు. రాజమండ్రి దాటని మగడు ఆమె వెనక నడవడానికి సిగ్గుపడనక్కర్లేదు. ఇన్నాళ్లూ ఒంటరిగా, భయంతో, ఎవరి ఇంట్లోనో పని చేయడానికి ఆమె నేర్చుకున్న విద్య ఒక్కసారి ఆమె సంతోషానికి ఉపయోగపడితే తప్పేముంది? ఊళ్లో నలుగురూ నవ్వుతారంటారు. ఆమె పంపిన డబ్బుతో స్లాబు వేసినప్పుడు ఆ నలుగురే భోజనానికి వచ్చారు.

కాగితాల విషయంలో అమాయకత్వం పనికిరాదు. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. తరగతి కింద వస్తుంది. యాభయ్యేళ్లు దాటినవారికి ఆ అడ్డు ఉండదు. గల్ఫ్ దేశాలతో పాటు మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా కూడా ఆ జాబితాలోని 18 దేశాల్లో ఉన్నాయి. అయితే ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవారికే కావాలి, చూసి రావడానికి వెళ్లేవారికి అక్కర్లేదు. తిరుగు టిక్కెట్టు, గది బుక్ చేసిన కాగితం, ఖర్చుల డబ్బు చూపమని అడగవచ్చు. తడబడకుండా చూపితే సరిపోతుంది. సాధారణ పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. 2017 నుంచి తపాలా కార్యాలయాల్లోనూ పాస్‌పోర్టు కేంద్రాలు పెడుతున్నారు. దీనికి బ్రోకరు చేతిలో వేలు పోయడం అనవసరం. మలేషియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, ఆ సడలింపు 2026 చివరి దాకా అని ప్రకటించింది. వియత్నాం వీసా రుసుము ఒక్క ప్రవేశానికి 25 డాలర్లు, ఆ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టవచ్చు. అచ్చం అలాగే కనబడే ప్రైవేటు సైట్లు రెట్టింపు గుంజుతాయి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి గనుక టిక్కెట్టు కొనే ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల ప్రకటన చూడడం తప్పనిసరి.

ఇంకొక హెచ్చరిక అవసరం. పర్యాటక వీసా మీద తీసుకువెళ్లి అక్కడ ఉద్యోగమిప్పిస్తామని చెప్పేవాళ్లను నమ్మకూడదు. కంబోడియాలో కంప్యూటరు ఉద్యోగాలని ఆశ చూపి తెలుగు యువకులను సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన వ్యవహారం 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. అలాగే ‘మా తమ్ముడికి ఈ పొట్లం ఇవ్వండి’ అని ఎవరిచ్చినా తీసుకోకూడదు, అడిగింది స్వయానా మేనత్త కొడుకైనా సరే. మలేషియాలోనూ సింగపూర్‌లోనూ మత్తుపదార్థాల రవాణాకు మరణశిక్ష దాకా ఉంది. స్కూటరు అద్దెకు తీసుకోవడం చవకగా కనిపించినా, ఆ దేశంలో చెల్లే లైసెన్సు లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ప్రయాణ బీమా డబ్బు రాదు. బీమా మాత్రం తీసుకోవాలి. పొదుపు పేరిట దాన్ని కొట్టేయడం ఊరి ఆరెంపీ మాటకు పెద్దాసుపత్రి ఖర్చు తెచ్చుకోవడమే.

ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అనేవాళ్లకు జవాబు లేకపోలేదు. కొనుక్కోవచ్చు. అది కూతురికి వెళుతుంది, ఆమె నుంచి మనవరాలికి వెళుతుంది. ముప్పయ్యేళ్లు కాపురం చేసిన దంపతులకు అందులో మిగిలేది ఏమిటన్నది వారే తేల్చుకోవాలి. మోకాళ్లు బాగున్నప్పుడే తేల్చుకుంటే మేలు. కాశీ, రామేశ్వరం ముందు చూడాలన్న మాటలో న్యాయముంది. అవి చూసినవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ లేరు.

ప్రభుత్వం చేయదగ్గ పని కూడా ఒకటుంది. కొబ్బరి, వరి, రొయ్యల సాగు చూసి రావడానికి విదేశాలకు అధ్యయన బృందాలను పంపినప్పుడల్లా అధికారులు, నాయకులు, ఒకరిద్దరు పెద్ద రైతులు వెళ్లి వస్తుంటారు. ఈసారి పంపితే రైతు దంపతులను పంపాలి. ఇద్దరి ఖర్చూ భరించలేమంటే ఒకరిది ప్రభుత్వం, ఒకరిది వాళ్లే పెట్టుకుంటారు. కొబ్బరి కాయ ఒలిచి, ఎండబెట్టి, పీచు విడదీసే పనిలో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతున్నప్పుడు, ఆ పని వేరే దేశంలో ఎలా చేస్తున్నారో మగవాళ్లు మాత్రమే చూసి వచ్చి చెబితే సగం సంగతులు దారిలోనే రాలిపోతాయి.

2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం మొదలైనప్పుడు అందులో పోయేవాళ్లంతా పట్నం వాళ్లేనని చాలామంది అనుకున్నారు. అమలాపురం నుంచి విశాఖకు బస్సుంది. పాత పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో బీరువా తీసి ఈ రాత్రికే చూసుకోవచ్చు. ఆరు నెలల లోపల గడువు తీరేదుంటే విమానం ఎక్కనివ్వరు, ముందు దాన్ని కొత్తది చేయించుకోవాలి.